మంత్రి గారూ, మా ఆటస్థలం ఖాళీగా లేదు

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ మంత్రి గారికి నమస్కారాలు. మా ఊరి ఆటస్థలాన్ని ఖాళీ భూమిగా రాసి అందులో ఇళ్ల ప్లాట్లు వేయబోతున్నారు, దాని గురించే ఈ ఉత్తరం.

పేదలకు ఇళ్ల స్థలాలు వద్దనేవాడు రాస్తున్న ఉత్తరం కాదిది. మా ఊళ్లో ఇంటి స్థలానికి దరఖాస్తు పెట్టుకున్న 140 మందిలో మా తమ్ముడు కూడా ఉన్నాడు, జాబితాలో 17వ పేరు వాడిదే. పెళ్లై ఆరేళ్లయింది, ఇద్దరు పిల్లలతో మా అమ్మ ఇంట్లో ఒక గదిలో సర్దుకుంటున్నాడు. రాత్రి మా నాన్న దగ్గితే పిల్లలు లేస్తారు, పిల్లలు ఏడిస్తే నాన్న లేస్తారు. అయినా సరే, ఆటస్థలంలో ప్లాట్లు వేయొద్దని ఊరు పెట్టిన అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను, వాడూ పెట్టాడు.

స్థలం మొత్తం రెండెకరాల నలభై సెంట్లు. రికార్డులో దాని పేరు కళ్లం పోరంబోకు, అంటే ఊరి ఉమ్మడి అవసరానికి వదిలిన ప్రభుత్వ భూమి. ఒకప్పుడు ఊరంతా కుప్పలు నూర్చుకున్న చోటు. కోత మిషన్లు వచ్చాక ధాన్యం పొలంలోనే ట్రాక్టరెక్కి వెళ్లిపోతోంది, కళ్లంతో ఎవరికీ పని లేకుండా పోయింది, అప్పట్నుంచీ అది పిల్లలదైపోయింది. ఈ సంగతి ఊళ్లో మూడేళ్ల పిల్లాడికి కూడా తెలుసు గానీ రెవెన్యూ భూమి రికార్డైన అడంగల్‌కి ఇంకా తెలియలేదు. అందుకే ఫైల్లో "వినియోగంలో లేని ఖాళీ భూమి" అని రాశారు. నాకు ఒళ్లు మండింది ఆ ఒక్క మాట దగ్గరే.

సర్వేకి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. సెలవు రోజు, పొద్దున పది గంటలు, రెండు మ్యాచ్‌లు నడుస్తున్నాయి, ఒకటి పెద్దోళ్లది, ఒకటి పిల్లలది, మా ఫీల్డర్లు వాళ్ల పిచ్ మీద, వాళ్ల ఫీల్డర్లు మా పిచ్ మీద. సర్వేయర్ గారు రోవర్ కర్ర (భూమి కొలిచే పరికరం) పట్టుకుని నేరుగా పిల్లల క్రీజులోకి వచ్చి, బ్యాటింగ్ చేస్తున్న కుర్రాణ్ని "బాబూ, కొంచెం పక్కకి జరుగు" అన్నారు. వాడు జరిగాడు. వాడు నిలబడ్డ చోటే గునపంతో గొయ్యి తీసి రాయి పాతారు. ఆ మనిషి మీద నాకేం కోపం లేదు, ఆయన పని ఆయన చేశారు. కానీ పద్దెనిమిది మందిని పక్కకి జరిపితే తప్ప కొలవలేని భూమిని ఖాళీ భూమి అని ఎలా రాశారో మాత్రం ఎవరూ చెప్పరు.

తెల్లవారుజామున అయిదింటికి వస్తే ఇంకో లోకం కనిపిస్తుంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు పరిగెత్తాలి, ఆర్మీ ర్యాలీకైనా అంతే, 1.6 కిలోమీటర్లు. మా కుర్రాళ్లు టేపు పెట్టి కొలిచారు, వేపచెట్టు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగొస్తే 320 మీటర్లు, అంటే సరిగ్గా ఐదు రౌండ్లు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒకడు చెట్టు కింద కూర్చుంటాడు, మిగతావాళ్లు పరిగెడతారు, ఆఖరి రౌండ్లో వాడు "లాగు, లాగు" అని అరిచే అరుపు మా ఇంటిదాకా వినిపిస్తుంది. కిందటేడాది నుంచి నలుగురు ఆడపిల్లలు కూడా వస్తున్నారు. రోడ్డు మీద పరిగెత్తమంటే వాళ్ల ఇళ్లలో పంపరు. లారీల భయం ఒకటి, రోడ్డు పక్కన కూర్చునేవాళ్ల మాటలు ఇంకొకటి. ఈ స్థలమైతే నాలుగు వైపులా ఇళ్లు, ఏ అరుగు మీద చూసినా ఒక పెద్దామె ఉంటుంది. పట్నంలో స్టేడియం ఉందిగా అనకండి, అయిదింటికి ఆడపిల్ల పట్నం వెళ్లడానికి మాకు బస్సు లేదు.

ఇంకో తమాషా ఉంది. మా బడికి సొంత ఆటస్థలం లేదు, పిల్లల్ని డ్రిల్లుకి ఇక్కడికే తీసుకొస్తారు. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది కాబట్టి, ఏటా పైకి పంపే లెక్కల్లో ఆటస్థలం "ఉంది" అని రాస్తున్నారు. అంటే ఒక శాఖ కాగితంలో ఆటస్థలం, ఇంకో శాఖ కాగితంలో ఖాళీ భూమి.

మాకు తెలిసిన చట్టం కూడా కాస్త చెబుతాను, తప్పుంటే మీ అధికారులు దిద్దవచ్చు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కళ్లాలు, పశువుల మందబయళ్లు, శ్మశానాల లాంటి పోరంబోకులు పంచాయతీకి దఖలుపడతాయి. ఫలానా పనికి కావాలని ప్రభుత్వం వెనక్కి తీసుకునే వీలు కూడా ఉంది, అందుకే కోర్టు మెట్లు ఎక్కకముందు మీకు రాస్తున్నాం. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో, ఊళ్ల ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయించి వాటిని గ్రామాలకు అప్పగించే పథకాలు తయారుచేయమని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మండలాఫీసులో ఈ మాటంటే ఒకాయన, "అందులో భూమిలేని పేదలకి మినహాయింపు ఉంది, అది చదవలేదా" అన్నారు. చదివాను సార్. ఏ ప్రభుత్వ ఉత్తర్వు కిందో అప్పటికే లీజు ఇచ్చి ఉంటే అలాంటి అరుదైన సందర్భాల్లో క్రమబద్ధీకరించవచ్చు అని కోర్టు అంది గానీ, ఆడుకునే చోటుని ఇవాళ కొత్తగా ముక్కలు కోయమని అందులో లేదు. మన హైకోర్టు సంగతి మీకు తెలిసిందే, బడి ఆవరణల్లో గ్రామ సచివాలయాలు కట్టొద్దన్న ఆదేశం అమలు కాలేదని 2022లో ఎనిమిది మంది ఐఏఎస్‌లకు జైలు శిక్ష వేసి, క్షమాపణ చెప్పాక హాస్టళ్లలో సేవ చేయమంది. మా స్థలం బడి ఆవరణ కాదు, ఆ ఆదేశం మాకు నేరుగా వర్తించదు, ఒప్పుకుంటాను. కానీ పిల్లల చోటు జోలికి వెళ్తే కోర్టు ఎలా చూస్తుందో అధికారులకి గుర్తుండాలి కదా.

లెక్క చూద్దాం. మీ ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంది, మంచిదే, ఇదివరకటి సెంటున్నర కన్నా చాలా నయం. 240 సెంట్లలో రోడ్లకీ కాలువలకీ మూడో వంతు పోతే మిగిలేది 160 సెంట్లు, అంటే 53 ప్లాట్లు. దరఖాస్తుదారులు 140 మంది. మిగతా 87 మందికి మళ్లీ ఎక్కడో ఒకచోట భూమి వెతకాల్సిందే కదా. ఎలాగూ వెతకాల్సిందే అయినప్పుడు ఆ వెతికేదేదో 140 మందికీ కలిపి వెతకండి. ఈ మాట గ్రామసభలో అన్నది మా తమ్ముడే. సమాధానం చెప్పాల్సినవాళ్లు ఫోన్ చూసుకున్నారు.

వెతకడానికి చోటు లేకా? 2020లో పట్టాలిచ్చిన పాత లేఅవుట్ ఊరికి రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉంది. పల్లం కావడంతో వాన పడితే మోకాలి లోతు నీళ్లు, కరెంటు స్తంభాలు సగంలో ఆగిపోయాయి, అందుకే ఇళ్లు కట్టుకున్నది కొద్దిమందే, మిగతాదంతా తుమ్మచెట్లు. మెరక తోలించి రోడ్డు వేస్తే అక్కడికి వెళ్లడానికి సిద్ధమని ముప్పై కుటుంబాలు రాసిచ్చాయి. ఊరికి ఆనుకుని పొలం అమ్ముతామన్న రైతులు ఇద్దరున్నారు. కానీ మట్టి తోలాలన్నా, పొలం కొనాలన్నా డబ్బు ఖర్చవుతుంది. ఆటస్థలానికైతే పైసా అక్కర్లేదు, అడిగే యజమానీ లేడు. అసలు కథంతా ఇక్కడే ఉందని నా అనుమానం.

అభ్యంతరాలుంటే చెప్పమన్న నోటీసు పంచాయతీ ఆఫీసు గోడకి అంటించారు. రెండ్రోజుల వానకి తడిసి సగం ఊడిపోయింది, కిందున్న తేదీ తప్ప ఏమీ కనపడలేదు. అయినా గడువులోపే 412 సంతకాలతో అర్జీ ఇచ్చాం, రసీదు మా దగ్గర ఉంది. జవాబు రాలేదు.

మేం అడిగేది చాలా చిన్నది. పోరంబోకు మార్పిడి ఫైలు ఆపండి. రికార్డులో ఆ సర్వే నంబరు ఎదురుగా "ఆటస్థలం" అని ఒక్క మాట రాయించండి. అంతకన్నా ముందు ఒకసారి రండి, ముందు చెప్పకుండా, సాయంత్రం అయిదింటికి. ఖాళీగా ఉందో లేదో మీరే చూద్దురు గాని.

ఇంకొక్క మాట. సర్వే రాళ్లు పీకేస్తే కేసులు పెడతామని ఎవరో హెచ్చరించారట. అన్నీ ఉన్నాయి సార్, ఒక్కటి కూడా కదల్లేదు. క్రీజులో పాతినదాన్ని మాత్రం పిల్లలు బౌలింగ్ ఎండ్ వికెట్‌గా వాడుకుంటున్నారు.

ఇట్లు,
17వ నంబరు దరఖాస్తుదారు అన్న