వేలికి కట్టు సంగతి

బెడ్‌ఫర్డ్, ఇంగ్లండ్
ఆదివారం రాత్రి

అమ్మకి, నాన్నకి,

మేం ముగ్గురం బాగున్నాం. అమ్మా, మొన్న వీడియోలో నా వేలికి కట్టు చూసి, ఫోన్ పెట్టేశాక నువ్వు ఏడ్చావని వదిన చెప్పింది. ఫోన్‌లో చెప్పబోతే నీకు సగం వినపడదు, మిగతా సగం నన్ను చెప్పనివ్వవు. అందుకే కాగితం మీద రాస్తున్నా. అక్షరాలు పెద్దగానే రాశాను. కనపడకపోతే వదిన చేత చదివించుకో.

నువ్వు ఏమనుకుని ఉంటావో నాకు తెలుసు. ఆయన అలాంటి మనిషి కాదమ్మా. వదినా, ఈ ముక్క గట్టిగా చదవకు, పక్కింటి మావుసీ వింటుంది. సన్న డ్రిల్ ముక్క జారి చూపుడువేలులో దిగింది, అంతే. కుట్లు కూడా పడలేదు. టిటనస్ ఇంజెక్షన్ చేయించుకున్నా. రెండు రోజులు సెలవు పెట్టి మళ్లీ డ్యూటీకి వెళ్తున్నా. పని మామూలే. ముసలివాళ్లకి స్నానాలు, మందులు, టీలు. దాని గురించి రాయడానికేం లేదు.

డ్రిల్‌తో నీకేం పని అంటావు కదా. లేసు కోసం. అమ్మమ్మ సూదితో అల్లే లేసు కాదు, ఇక్కడిది, గడ్డి కూరిన దిండు మీద వేసేది. చూపిస్తే 'ములక్కాడ ముక్కలు ఆరబెట్టావేమే' అన్నావే, అదే. ఆ ముక్కల్ని బాబిన్లంటారు, దారం చుట్టే పుల్లలు. ఇరవై నాలుగు జతలు దిండు మీద ఉండగా చిన్నోడు బంతి తన్నాడు. దిండు బల్ల మీద నుంచి బోర్లా పడింది. వాణ్ని కొట్టలేదులే. అరిచాను, తర్వాత వాడూ నేనూ కలిసి సోఫా కింద పూసలు ఏరుకున్నాం.

నాన్నా, ఇక్కడి నుంచి నీకు. విరిగింది మామూలు చెక్క బాబిన్ అయితే పారేసేదాన్ని. ఎముకతో చేసిన పాతది విరిగింది. నాకు ఈ పని నేర్పుతున్న లేసు మామ్మ ఇచ్చింది, వాళ్ల అమ్మమ్మదట. ఎవరో అమ్మాయి పేరు చుక్కలు చుక్కలుగా తొలిచి ఎరుపు, నీలం రంగులు నింపారు. సరిగ్గా మెడ దగ్గర, దారం చుట్టే చోట, రెండు ముక్కలైంది. వారం రోజులు మామ్మకి చెప్పలేదు. క్లాసుకి జలుబని ఎగ్గొట్టాను.

ముందు సూపర్ గ్లూ పెట్టాను. దారం లాగగానే ఊడొచ్చింది. అప్పుడు నీ కుట్టుమిషన్ల షాపు గుర్తొచ్చింది. మిషను హ్యాండిల్ విరిగితే లోపల పుల్ల వేయకుండా ఎప్పుడైనా అతికించావా? జిగురుది పట్టు, పుల్లది బలం అనేవాడివి. రెండు ముక్కలకీ లోపలికి బెజ్జం వేసి ఇత్తడి గుండుసూది ముక్క దూర్చాలనుకున్నా. ఇత్తడి ఎందుకంటే, ఇనుముకి తుప్పు పట్టి లేసుకి మరక అవుతుందని ఈ పనిలో గుండుసూదులన్నీ ఇత్తడివే వాడతారు.

తప్పు ఎక్కడ చేశానో నువ్వు ఈపాటికి కనిపెట్టేసి ఉంటావు. వైస్‌కి గుడ్డ చుట్టి బిగించమని వందసార్లు చెప్పావు. నేను చేత్తో పట్టుకుని చేతి డ్రిల్ తిప్పాను. కొమ్ములాగా ఉంటుందనుకున్నా. మన పర్లాకిమిడిలో కొమ్ము పనివాళ్లు వేడి చూపించి కొంగ బొమ్మ మెడ ఎలా వంచేవారో, ఆ కమురు వాసనకి నేను ముక్కు మూసుకుని కూడా అక్కడే ఎలా నిలబడేదాన్నో గుర్తుందా? కొమ్ము వేడికి మెత్తబడుతుంది, మాట వింటుంది. ఎముక వినదు, పగులుతుంది. పాత ఎముక అయితే మరీను. కొంచెం గట్టిగా నొక్కేసరికి జారింది. సగం వేసిన లేసు మీద రెండు రక్తం చుక్కలు కూడా పడ్డాయి.

రెండోసారి నువ్వు చెప్పినట్టే చేశా. గుడ్డ చుట్టి బిగించి, చుట్టుకో ఊపిరి తీసుకుంటూ తిప్పాను. ఎరాల్డైట్ జిగురు పెట్టి రాత్రంతా కదపలేదు. తెల్లారి సన్న గరుకు కాగితంతో గోటికి తగలనంత నున్నగా రుద్దాను. అక్కడ పిసరంత గరుకున్నా దారం పట్టేసి తెగుతుంది.

పూసల సంగతి. ఇక్కడి బాబిన్లకి చివర తీగ చుట్టలో గాజు పూసలు వేలాడుతుంటాయి. సోకు కోసం కాదు, ఆ బరువుకే దారం బిగువుగా ఉంటుంది, బాబిన్ దొర్లిపోకుండా ఉంటుంది. రెండింటికి తీగ తెగింది. కొత్త ఇత్తడి తీగ వేశాను. ఒక పూస దొరకనే లేదు. రథయాత్రలో నువ్వు కొనిచ్చిన కొమ్ము పూసల దండలోది ఒకటి తీసి వేశా. గాజంత బరువు లేదు, అయినా ఉండనిచ్చాను.

మామ్మకి చూపించా. కళ్లజోడు లేకుండా చూసి అతుకు ఎక్కడ అంది. కళ్లజోడు పెట్టుకుని కనిపెట్టేసింది. కోప్పడలేదు. రక్తం మరకకి మన ఉమ్మే మందు అని నా చేతే తుడిపించింది. ఎవరు నేర్పారంటే మా నాన్న కుట్టుమిషన్లు బాగుచేస్తాడన్నాను. మన ఊరు ఒడిశా, ఇంట్లో తెలుగు, పక్కనున్న పాతపట్నం ఆంధ్రా అని చెప్పేసరికి అరగంట పట్టింది. అంతా విని, ఇంట్లో విరిగినవి ఇంకా పదకొండు ఉన్నాయి, వచ్చే వారం తెస్తానంది! పదకొండు, నాన్నా.

దసరాకి నా సామాన్లకి కూడా పూజ చేశాను. పసుపు ఎముకకి అంటితే వదలదని బల్లకే బొట్టు పెట్టా. ఇక్కడి లేసు పనివాళ్లకీ ఒక రోజుంది, నవంబరు 25, కేథరిన్ అనే సాధ్వి పేరు మీద. ఆ రోజు కేకులు తింటారట. మామ్మ పిలిచింది.

అమ్మా, నర్సాపురం లేసుకి 2024లో జిఐ గుర్తింపు, అదే ఆ ప్రాంతం సరుకని ప్రభుత్వం వేసే ముద్ర, వచ్చింది కదా, ఆ వార్త చదివినప్పుడు అమ్మమ్మ ఉంటే ఏమనేదో అనుకున్నా. దళారి ఇచ్చిన చిల్లర లెక్కపెట్టుకుంటూ 'గుర్తింపు ఉడకబెట్టుకు తింటామా' అనేది. నాకైతే సంతోషమే. ఆవిడ లేసు సూది నా దగ్గరే ఉంది, భద్రంగా ఉంది. హీటర్ వేడికి చెక్క పిడి మాత్రం నెర్రె విచ్చింది.

అందుకే నాన్నా, ఒక పని. కొమ్ముతో పిడి చేయించు. తొమ్మిది సెంటీమీటర్ల పొడుగు, చిటికెనవేలి కంటే సన్నం, ఒక చివర సైకిల్ స్పోకు పట్టేంత బెజ్జం. పోస్టులో పంపకండి, సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకుంటా. డబ్బు తగ్గించమని వాళ్లతో బేరం ఆడకు.

కంటి ఆపరేషన్ మళ్లీ వాయిదా వేశావట అమ్మా. వేలికి తగిలిన నా గాటుకి ఏడుస్తావు, నీ కన్ను నీకు పట్టదు. అన్నయ్యకి విడిగా ఫోన్ చేస్తా.

రేపు కట్టు విప్పుతారు. వచ్చే ఆదివారం వేలు కెమెరా ముందు పెట్టి చూపిస్తా. గోరు పక్కన పచ్చగా గట్టిగా కనిపించేది ఎరాల్డైట్, చీము కాదు.

మీ చిన్నమ్మాయి