నోటుబుక్కులో నెరూడా

అమ్మలూ,

మొన్న నువ్వు బీరువా సర్దుతుంటే పట్టుచీరల అడుగున, చిలీ కవి పాబ్లో నెరూడా కవితలు ఎత్తి రాసుకున్న నా పాత నోటుబుక్కు దొరికింది కదా. నాలుగు పేజీలు తిప్పి, "అమ్మా, ఈ నెరూడా ఒకామెని బలవంతం చేశాడు, నీకు తెలుసా?" అన్నావు. నేను పప్పు మాడుతోందని వంటింట్లోకి వెళ్లిపోయాను. పప్పేమీ మాడలేదు. నువ్వు హైదరాబాద్ వెళ్లి వారమైంది, ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఫోన్లో అయితే మళ్లీ ఏదో సాకు చెప్పి తప్పించుకుంటాను. అందుకే రాస్తున్నాను.

తెలుసమ్మా. చాలా ఏళ్లుగా తెలుసు.

ఆ కవితలు నేను నర్సింగ్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు రాసుకున్నవి. హాస్టల్లో నా రూమ్మేట్ దగ్గర తెలుగు అనువాదాలు ఉండేవి. నైట్ డ్యూటీలో రెండు దాటాక వార్డు కాస్త సద్దుమణిగేది. అప్పుడు టేబుల్ లైటు కింద కూర్చుని ఒక్కొక్కటీ ఎత్తి రాసుకునేదాన్ని. ప్రేమ కవితలు సరే, ఆ వయసులో ఎవరికైనా నచ్చుతాయి. నాకు ప్రాణం మాత్రం ఉల్లిపాయ మీద, ఉప్పు మీద, ఎవరో అల్లిచ్చిన ఉన్ని మేజోళ్ల మీద రాసినవి. మన ఇంట్లో ఉల్లిపాయ అంటే కళ్లు మండించేదే. దాన్ని ఒక మనిషి చేతిలోకి తీసుకుని అంత గౌరవంగా చూడగలడని నాకు అప్పటిదాకా తెలియదు. మీ తాతయ్య పోయిన నెలంతా నన్ను నిలబెట్టింది ఆ నోటుబుక్కే.

తర్వాత, నువ్వు ఇంకా పుట్టకముందు, ఆయన ఆత్మకథ ఇంగ్లీషులో చదివాను. ఆయన 1973లో పోయాక, మరుసటేడు వచ్చిన పుస్తకం అది. నువ్వు చెప్పింది అందులోనే ఉంది. 1929లో కొలంబోలో చిలీ దేశం తరఫున కాన్సల్‌గా ఉండేవాడు. ఇంటి వెనక మరుగుదొడ్డి. రోజూ తెల్లారేసరికి బకెట్టు శుభ్రంగా ఉండేది, ఎలా అయ్యేదో తెలిసేది కాదట. ఒకరోజు తొందరగా లేచి చూస్తే, ఒక తమిళ అమ్మాయి, అంటరాని కులం పిల్ల, వచ్చి ఎత్తుకెళ్తోంది. పిలిచాడు, పలకలేదు. దారిలో పళ్లో, పట్టుగుడ్డో పెట్టేవాడు, ఆమె చూడకుండా వెళ్లిపోయేది. ఒక పొద్దున మణికట్టు పట్టుకుని గదిలోకి తీసుకెళ్లాడు. ఆమె కళ్లు తెరుచుకునే ఉన్నాయని, శిల్పంలా ఉండిపోయిందని, తనని అసహ్యించుకోవడం న్యాయమేనని ఆయనే రాశాడు.

నేనది చదివాను. చదివి, పేజీ తిప్పేశాను. నీ దగ్గర దాచకూడనిది ఇదే.

ఎందుకు తిప్పేశానో ఈ వారం ఆలోచించాను. ఆయన రాసిన తీరు బాగుంది అమ్మలూ. ఆమె చీర రంగు, కాళ్ల కడియాలు, దక్షిణ దేశపు వెయ్యేళ్ల శిల్పాలతో పోలిక. నేను ఏ చేతిని చూసి మురిసిపోయానో ఆ చెయ్యే ఇదీ రాసింది. శిల్పం అనేసరికి నాకు గుడి గుర్తొచ్చింది గానీ, భయంతో బిగుసుకుపోయిన పిల్ల గుర్తు రాలేదు. అలా బిగుసుకుపోయినవాళ్లని క్యాజువాలిటీలో ఎంతమందిని చూశాను! పేరు అడిగినా చెప్పలేరు. కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆయనకి ఒక కూతురు, మాల్వా మరీనా. 1934లో మాడ్రిడ్‌లో పుట్టింది. తలలో నీరు చేరే జబ్బు, హైడ్రోకెఫలస్. ఇప్పుడైతే షంట్ అని సన్నటి గొట్టం వేసి ఆ నీటిని పొట్టలోకి దించుతారు. అప్పట్లో ఆ దారి లేదు. పుట్టిన కొత్తలోనే స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో ఆయన ఆ పసిదాన్ని ఎగతాళిగా సెమికోలన్‌తో పోల్చాడు. పాపకి రెండేళ్లు దాటేసరికి తల్లీబిడ్డల్ని వదిలేశాడు. హాలండ్‌లో గౌడా అనే ఊళ్లో వేరే కుటుంబం ఆ పిల్లని పెంచింది. 1943లో, ఎనిమిదేళ్లకే పోయింది. ఆత్మకథలో ఆ పిల్ల ఊసే లేదు.

పిల్లల వార్డులో ఉన్నప్పుడు ఇదే జబ్బుతో ఒక బాబు వచ్చాడు. తల బరువుకి మెడ నిలిచేది కాదు. దిండు మీద పెడితే ఏడ్చేవాడు. వాళ్ల నాన్న మంచం పక్కన నేల మీద కూర్చుని, రెండు అరచేతులూ దొన్నెలా పట్టి రాత్రంతా ఆ తల మోశాడు. తెల్లవారి కాసేపు నేను పట్టుకుంటానంటే, చేతులు ముడవడం రాక వేళ్లు ఒక్కొక్కటీ విడదీసుకున్నాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో మాడ్రిడ్ మీద బాంబులు పడ్డప్పుడు నెరూడా రాసిన కవిత ఉంది కదా, వీధుల్లో పారిన పిల్లల నెత్తుటికి వేరే పోలిక లేదని, అది పిల్లల నెత్తురులానే ఉందని. అదీ నా నోటుబుక్కులో ఉంది. తన పాపని వదిలింది ఆ రోజుల్లోనే. 1939లో 2,000 మందికి పైగా స్పెయిన్ శరణార్థుల్ని ఓడ ఎక్కించి చిలీకి చేర్చినవాడూ ఆయనే. ఇవన్నీ ఒక్క మనిషే. ఎంత తూచినా ఒకటి ఇంకొకదాన్ని కొట్టెయ్యడం లేదు.

మీ నాన్న "ఆ కాలం అలాంటిదిలే" అన్నారు. నేను ఒప్పుకోలేదు. అసహ్యించుకోవడం న్యాయమే అని తనే రాసుకున్నవాడికి తప్పని తెలియకనా? 2018లో చిలీ రాజధాని శాంటియాగో విమానాశ్రయానికి ఆయన పేరు పెడతామంటే అక్కడి ఆడవాళ్లు అడ్డం తిరిగారు. నేను వాళ్ల పక్షమే. నోటుబుక్కు అట్ట లోపల పత్రికలోంచి కత్తిరించి అంటించిన ఆయన ఫోటో ఉండేది, మొన్న తీసేశాను. జిగురు మరక మాత్రం పోలేదు.

కవితలు మాత్రం చింపను. చింపమని నువ్వు అడగలేదు కూడా, నాకు తెలుసు. ఉల్లిపాయ మీద ఆ కవిత నిన్న రాత్రి మళ్లీ చదివాను. అది ఇప్పటికీ నాకు కావాలి. కాకపోతే ఇదివరకు ఒక్కదాన్నే చదువుకునేదాన్ని. ఇప్పుడు ఆ ఇద్దరూ పక్కన కూర్చున్నట్టుంది. ఉండనీ. ఎదురుగా ఖాళీగా ఉన్న పేజీలో ఇలా రాశాను: "కొలంబో, 1929. పేరు తెలియదు." దాని కింద, "మాల్వా మరీనా, 1934–1943."

పేరు తెలియదు అని రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఏలూరులో మా ఇంటి వెనక సందులో పాకీ దొడ్డి ఉండేది. నాకు పదేళ్లు వచ్చేదాకా ఉంది. పొద్దున్నే రేకు చప్పుడు వినిపించేది. ఒకామె వచ్చి డబ్బా ఎత్తి, బూడిద చల్లి వెళ్లేది. అమ్మమ్మ చెంబు పైకెత్తి ఎడంగా నీళ్లు పోసేది, నన్ను లోపలికి పొమ్మనేది. పండగనాడు విస్తరిలో బూరెలు చుట్టి గోడమీద పెట్టేవాళ్లం. ఆమెకి ఎడమచేతికి పచ్చబొట్టు ఉండేది, అది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కానీ పేరు?

నిన్న అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఆవిడకి పాత సంగతులన్నీ జ్ఞాపకమే, అద్దెకున్నవాళ్ల పిల్లల పేర్లతో సహా చెబుతుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఏమోనే, మేమెప్పుడూ పిలవలేదు. చప్పుడు వినేవాళ్లం, అంతే" అంది.

దసరాకి వస్తావు కదా. నోటుబుక్కు బీరువాలో అక్కడే పెట్టాను.

మీ అమ్మ