కత్తెర అంటే సరిపోదు

సంపాదకునికి,

చొరబడే వైరస్‌ల డీఎన్ఏను కోసేందుకు బ్యాక్టీరియా తయారుచేసుకునే రెస్ట్రిక్షన్ ఎంజైములనే ప్రొటీన్లను ‘డీఎన్ఏ కత్తెర’ అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. కత్తెర ఎక్కడ పెడితే అక్కడ తెగుతుంది. ఇవి అలా కోయవు.

ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో దొరికే ఎకోఆర్‌వన్‌నే చూడండి. ఒకేలాంటి రెండు ప్రొటీన్ గొలుసులు జతకట్టి డీఎన్ఏను పట్టుకుంటాయి. డీఎన్ఏ అక్షరాల్లో జి-ఎ-ఎ-టి-టి-సి వరుస కనబడితేనే, డీఎన్ఏ రెండు పోగుల్లో చెరొకదాన్నీ జి తర్వాత కోస్తాయి. ఈ వరుసను ‘వికటకవి’తో పోలుస్తారు గానీ ఆ పోలిక సగమే నిజం. అదే పోగును వెనక నుంచి చదివితే సి-టి-టి-ఎ-ఎ-జి వస్తుంది. ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి ఉండే ఎదుటి పోగును దాని దిశలో, అంటే అటు నుంచి ఇటు చదివితేనే మళ్లీ అదే వరుస. కోత మెట్టులా పడటంతో నాలుగక్షరాల అతుక్కునే కొసలు మిగులుతాయి. బ్యాక్టీరియా తన డీఎన్ఏలో ఆ వరుసలోని రెండో ‘ఎ’కి మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు తగిలించుకుని తన ఎంజైము కోతను తప్పించుకుంటుంది. వైరస్‌కు సాధారణంగా ఆ రక్షణ ఉండదు.

ల్యాబ్‌లో ఈ కోతకు 1 మైక్రోగ్రాము డీఎన్ఏ, 5 మైక్రోలీటర్ల బఫర్ (ఎంజైముకు తగిన ఉప్పు ద్రావణం, పదిరెట్ల చిక్కనిది), 1 మైక్రోలీటరు ఎంజైము, మిగతా నీళ్లు. మొత్తం 50 మైక్రోలీటర్లు, 37 డిగ్రీల వద్ద గంట. ఎంజైము చివర్లో, ఐసు మీద ఉంచి కలపాలి. అస్సలు తెగకపోతే డీఎన్ఏలో మిగిలిన ఈడీటీఏ అనే రసాయనాన్ని అనుమానించాలి: కోతకు కావలసిన మెగ్నీషియాన్ని అది పట్టేస్తుంది. త్వరగా తెగాలని ఎంజైము కుమ్మరిస్తే మరో చిక్కు. ఎంజైమును 50 శాతం గ్లిసరాల్ అనే చిక్కటి ద్రవంలో నిల్వ చేస్తారు. మిశ్రమంలో గ్లిసరాల్ 5 శాతం దాటితే దగ్గరి పోలికున్న వరుసలనూ కోసేస్తుంది. అందుకే ఎంజైము మొత్తం మిశ్రమంలో పదోవంతు మించకూడదు.

— ఇద్దరు మాలిక్యులర్ బయాలజీ అధ్యాపకులు, హైదరాబాద్