వార్షిక నివేదిక: చార్టు గోడెక్కింది, ఆరు గడులు మిగిలాయి

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

పాత కార్ల మోడళ్లను ఒకే చోట చూపే చార్టు తయారుచేయాలని పోయిన సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. ఒక్క వాక్యపు తీర్మానం. నేనూ చెయ్యెత్తాను. ఆ ఒక్క వాక్యం ఏడాది పొడవునా మమ్మల్ని మూడు చెరువుల నీళ్లు తాగించింది. అయినా చార్టు వచ్చింది. వేదిక పక్క గోడ మీద కనిపిస్తున్నది అదే. నివేదిక చదవడం అయ్యేదాకా దయచేసి ఎవరూ లేచి వెళ్లి దాని ముందు గుమికూడవద్దు.

మామూలు పనుల సంగతి ముందు చెప్పేస్తాను. నెలవారీ సమావేశాలు పది జరిగాయి, రెండు కోరం లేక వాయిదా పడ్డాయి. విడిభాగాల మార్పిడి ఎప్పటిలాగే సాగింది. లైబ్రరీ నుంచి తీసుకెళ్లిన వర్క్‌షాప్ మాన్యువళ్లు నాలుగు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరున్నాయో వారికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక చార్టు. మొదటి గొడవ ఏది "క్లాసిక్" అన్న దగ్గరే మొదలైంది. తన బండి క్లాసిక్, పక్కవాడిది పాత బండి అన్నదే చాలామంది వాదన. చివరికి పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా పెట్టిన గీతనే మనమూ తీసుకున్నాం: కనీసం 30 ఏళ్లు నిండాలి. కాలవిభజన కూడా వాళ్లదే. 1904 దాకా ఒక వర్గం, 1905 నుంచి 1918 దాకా మరొకటి, తర్వాత 1930, 1945, 1960, 1970లతో ముగిసేవి, ఆపైన 30 ఏళ్ల గీత దాకా మిగతావి. ఈ నిర్ణయానికి రెండు సమావేశాలు పట్టాయి. ఇప్పుడు చూస్తే పది నిమిషాల పని.

రెండోది సంవత్సరాల గొడవ. ఒక సభ్యుడి ఫోక్స్‌వాగన్ బీటిల్ రిజిస్ట్రేషన్ పుస్తకంలో 1964 అని ఉంది. ఛాసీ (బండి చట్రం) నంబరు మాత్రం 115తో మొదలవుతోంది. అందులో మూడో అంకె మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది, అంటే బండి 1965ది. రెండు వారాలు మాటా మాటా పెరిగాక తేలిందేమిటంటే రెండూ నిజమే. ఫోక్స్‌వాగన్‌కు ఆ రోజుల్లో కొత్త మోడల్ సంవత్సరం ఆగస్టులో మొదలయ్యేది. 1964 ఆగస్టు తర్వాత తయారైన బండి 1965 మోడల్ అవుతుంది. ఆ మోడల్‌తోనే కిటికీ అద్దాలు కూడా పెద్దవయ్యాయి. దూరం నుంచి అద్దం చూసి చెప్పేయొచ్చు, పుస్తకం తెరవనక్కర్లేదు. అందుకే చార్టులో "తయారైన కాలం", "మోడల్ సంవత్సరం" అని రెండు గడులు కనిపిస్తాయి. రెండెందుకని అడిగేవాళ్లు ఆ సభ్యుడితో మాట్లాడండి.

పేర్ల దగ్గర ఇంకా పెద్ద చిక్కు. బండి మీది అంకెను నమ్మితే మునుగుతాం. పోర్షె 911లో 2.4 అని పిలిచే ఇంజిన్ అసలు కొలత 2,341 సీసీ. మెర్సిడెస్ 300 ఎస్‌ఈఎల్ 6.3 పేరు మొదట్లో మూడు లీటర్ల గుర్తు, లోపల ఆరు లీటర్లు దాటిన వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. మినీ 1959 ఆగస్టులో వచ్చినప్పుడు ఆస్టిన్ సెవెన్ అని ఒక పేరుతో, మోరిస్ మినీ మైనర్ అని ఇంకో పేరుతో అమ్మారు. ఇది తెలియక మన ఉత్సాహవంతుడైన యువ సభ్యుడొకరు 1922లో వచ్చిన అసలు ఆస్టిన్ సెవెన్ వివరాలన్నీ మినీ వరుసలో నింపేశారు. తాత లెక్క మనవడి ఖాతాలో పడింది. కనిపెట్టినందుకు మన ఉపాధ్యక్షులకు ధన్యవాదాలు, నింపిన సభ్యుడికి కూడా ధన్యవాదాలు. ఆయన తప్పైనా నింపారు, మిగతావాళ్లు అదీ చేయలేదు.

అన్నిటికన్నా పేచీ పెట్టినవి "అర" బండ్లు. జాగ్వార్ ఈ టైప్ 1961 మార్చిలో జెనీవాలో బయటికొచ్చింది. ఇంజిన్ మొదట 3.8 లీటర్లు, 1964 నుంచి 4.2. 1968లో రెండో సిరీస్, 1971లో వీ12తో మూడోది. ఆ మొదటిదానికీ రెండోదానికీ నడుమ, 1967-68లో వచ్చిన బండ్లకు హెడ్‌లైట్ల మీది గాజు మూతలు పోయాయి, డ్యాష్‌బోర్డు స్విచ్‌లు మారాయి. వాటిని అందరూ "సిరీస్ ఒకటిన్నర" అంటారు. కంపెనీ పెట్టిన పేరు కాదది. ఫోర్డ్ ముస్టాంగ్ సంగతీ అంతే. 1964 ఏప్రిల్ 17న విడుదలైంది. తొలి నెలల బండ్లను అభిమానులు "1964న్నర" అంటారు, కంపెనీ మాత్రం అన్నిటికీ 1965 నంబరే వేసింది. తొలి బండ్లను పట్టివ్వాలంటే బానెట్ ఎత్తి చూడాలి: బ్యాటరీని చార్జ్ చేసేది జనరేటర్ అయితే తొలివి, ఆల్టర్నేటర్ అయితే ఆ తర్వాతివి. (ఎవరో మధ్యలో మార్చి ఉండకపోతే!) కంపెనీ కాగితంలో లేని పేరు చార్టులో ఉండకూడదని ఒక వర్గం, అందరూ పిలిచే పేరు లేకపోతే చార్టెందుకని ఇంకో వర్గం. నేను రెండో వర్గం. కార్యదర్శి తటస్థంగా ఉండాలంటారు, ఉండలేకపోయాను. చివరికి "కంపెనీ పేరు" ఒక గడిలో, "వాడుక పేరు" పక్క గడిలో పెట్టి సంధి చేశాం.

ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవాల్సింది పరిశీలన దినం. జ్ఞాపకం మీద చెప్పిన వివరం ఏదీ చార్టులోకి ఎక్కకూడదని, బండి కళ్లముందు పెట్టి చూశాకే రాయాలని నిర్ణయించి బండ్లన్నిటినీ ఒక చోటికి పిలిచాం. ఆ ఉదయం చూడాల్సింది! టార్చిలైట్లు పట్టుకుని బండి కిందికి దూరినవాళ్లు, ఛాసీ ప్లేటు మీది తుప్పును మెత్తగా తుడిచి అంకెలు గట్టిగా చదివేవాళ్లు, రాసుకునేవాళ్లు. తన ఈ టైప్ నికార్సైన మొదటి సిరీస్ అని ఇన్నాళ్లూ చెప్పుకున్న పెద్దాయన బండికి గాజు మూతలు లేవు. ఎవరో తీసేసి ఉంటారన్నారు. స్విచ్‌లు చూశాం, కార్బ్యురేటర్లు చూశాం, నంబరు చూశాం. ఒకటిన్నరే. పది నిమిషాలు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత తనే టార్చి తీసుకుని పక్క బండి కిందికి దూరారు. సాయంత్రం దాకా బయటికి రాలేదంటే అతిశయోక్తి కాదు.

సిట్రొయెన్ డీఎస్ దగ్గర మాకే పాఠం జరిగింది. మా మొదటి ప్రతిలో హైడ్రాలిక్ ద్రవం గడి లేదు. బండ్లు చూడటానికొచ్చిన పాత మెకానిక్ ఒకాయన మొహం చిట్లించారు. తొలి డీఎస్‌లలో ఎర్ర ద్రవం వాడేవారు, 1967 మోడల్ నుంచి ఆకుపచ్చ ఖనిజ నూనె వచ్చింది. ఒకదానిలో ఇంకోటి పోస్తే రబ్బరు సీళ్లు పాడవుతాయి, బ్రేకులూ సస్పెన్షన్ రెండూ ఆ ద్రవం మీదే నడుస్తాయి. "ఏ బల్బు ఏ ఏడు మారిందో రాశారు, ఇది రాయలేదా?" అన్నారు. ఆ గడి అప్పటికప్పుడు చేర్చాం. ఆయన మన సభ్యులు కారు, అయినా ఆ రోజు అందరికన్నా ఆలస్యంగా ఇంటికి వెళ్లింది ఆయనే. ఆయనకు గౌరవ సభ్యత్వం ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది.

ధన్యవాదాలు చెప్పాల్సినవారు ఇంకా ఉన్నారు. అక్షరదోషాలు మూడుసార్లు దిద్దిన విశ్రాంత ఉపాధ్యాయురాలికి, ఫొటోలు తీసిన అన్నదమ్ములిద్దరికీ, చార్టును గోడకు బిగించిన వడ్రంగి మిత్రుడికి, స్థలం ఇచ్చినవారికి, ఆ రోజు ఎండలో నిలబడి బండ్లను వరుసలో పెట్టించిన పిల్లలకు. పేరు మరిచిపోయిన వాళ్లుంటే సమావేశం అయ్యాక నన్ను తిట్టండి.

ఇప్పుడు చేదు మాట. ఈ పనికి పేరిచ్చినవారు పద్దెనిమిది మంది. చివరిదాకా ఉన్నవారు నలుగురు. ఒకరు ఊళ్లో లేమన్నారు, ఒకరికి పెళ్లిళ్లు, ఒకరు ఫోనే తీయలేదు. చార్టు గోడెక్కాక మాత్రం అందులో తప్పులు చూపడానికి పద్దెనిమిది మందీ వచ్చారు. పాత రిజిస్ట్రేషన్ వివరాల కోసం ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. మొదటిదానికి అందినట్టు రసీదు వచ్చింది, మిగతా రెండింటికి అదీ లేదు. నాలుగో ఉత్తరం రాయమని సలహా ఇచ్చినవారే అది రాసి తీసుకొస్తే సంతకం పెడతాను.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆడిటర్ గారు చూశారు. చందాలు ఖర్చుకు సరిపోయాయి, ముద్రణకే ఎక్కువ అయ్యింది. వివరాలు కోశాధికారి గారిని అడగండి.

మిగిలింది ఆరు గడులు. ఆరూ మన సభ్యుల బండ్లవే, పరిశీలన దినానికి తీసుకురానివి. వాటిలో ఒకటి ఫియట్ 500. ఆ సభ్యుడు బండిని కదిలించనక్కర్లేదు, తలుపు తెరిచి ఒక్క ఫొటో తీస్తే చాలు. కీళ్లు తలుపు వెనక అంచున ఉంటే 1965కి ముందుది, ముందు అంచున ఉంటే ఆ తర్వాతిది. గియార్డినియెరా (అదే 500లో ఎస్టేట్ రకం) అయితే మాత్రం ఈ లెక్క పనిచేయదు, అప్పుడు నంబరు కూడా కావాలి. వచ్చే నెల సమావేశం లోపు పంపితే ఆ గడి నింపేస్తాం. లేకపోతే టార్చి పట్టుకుని మేమే వస్తాం.

ఇట్లు,
కార్యదర్శి