పాత అంబాసిడర్‌కు ముందు బ్రేకులు చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. షెడ్లలోనో, పెరట్లో చెట్టు కిందో మిగిలిన బండ్లన్నీ పదేళ్లు దాటినవే. అందులో 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ బండ్లు మరీ పాతవి. వాటిని మళ్లీ తిప్పుదామనుకునేవాళ్లు ఎక్కువగా ఒకే పని చేస్తారు. కొత్త బ్యాటరీ తెచ్చి, కార్బురేటర్‌లో కాస్త పెట్రోల్ పోసి, సెల్ఫ్ కొడతారు. ఇంజిన్ అందుకుంటే ఆ సంతోషంలో వీధి చివరిదాకా తోలుకెళ్తారు. ఆ బండి ఆగుతుందో లేదో అప్పటికి ఎవరూ చూసి ఉండరు. ఇంట్లో బండి బాగుచేసుకునేవారికి నా మనవి ఒక్కటే. ముందు బ్రేకులు, తర్వాత పెట్రోల్ లైను, ఆ తర్వాతే ఇంజిన్.

నిలిచిపోయిన బండిలో బ్రేకులు లోలోపలే పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమతో వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకును నొక్కే భాగం) లోపల తుప్పు పట్టి గుంతలు పడతాయి. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే లైను కాబట్టి ఒక్క రబ్బరు కప్పు కారినా పెడల్ నేలను తాకుతుంది. మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, బండిని స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు. డ్రమ్ము తీసి, వీల్ సిలిండర్ చివరన ఉన్న రబ్బరు బూటు అంచును కొద్దిగా ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే కప్పు పోయినట్టే. పిస్టన్ తీసి బోరు, అంటే సిలిండర్ లోపలి గోడను, గోటితో తడమండి. గుంత తగిలితే కొత్త సిలిండరే వేయాలి. దాన్ని ఎమెరీ కాగితంతో రుద్ది కొత్త కప్పు వేస్తే డబ్బు దండగ, అది మళ్లీ కారుతుంది.

రబ్బరు కప్పులను పెట్రోల్‌తో గానీ కిరోసిన్‌తో గానీ కడగకూడదు. అవి ఉబ్బి బోరులో బిగుసుకుంటాయి, చక్రం వదలదు. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే తుడవాలి. డ్రమ్ములోని పొడిని నోటితో ఊదవద్దు, గాలి కొట్టవద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

బ్రేక్ లైనులో చేరిన గాలి తీయడానికి డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ అరలీటరు సీసాలు రెండు దగ్గర పెట్టుకోండి. పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉండే వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాలి. తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. వీల్ సిలిండర్ మీద గాలి వదిలే నిపుల్‌కు లోపల కనిపించే సన్నగొట్టం తొడిగి, రెండో కొసను ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే మరొకరు నిపుల్ వదులు చేసి, మళ్లీ బిగించాకే పెడల్ వదలమనాలి. బుడగలు ఆగేదాకా ఇదే పని. మధ్యలో మాస్టర్ సిలిండర్ ట్యాంకులో ఆయిల్ అడుగంటితే మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాత రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చాలి.

ఇక పెట్రోల్. 2025 నాటికి మన బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఈ బండ్ల రబ్బరు దానికోసం చేసినది కాదు. గొట్టాలు మెత్తబడతాయి, ఇంజిన్‌కు పెట్రోల్ అందించే పంపులోని డయాఫ్రం (పల్చని పొర) చిట్లుతుంది. మెకానికల్ పంపులో డయాఫ్రం చిరిగితే పెట్రోల్ నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే సెల్ఫ్ కొట్టే ముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తున్నా, ఆయిల్ మట్టం గీత దాటి పైకొచ్చినా ఇంజిన్ తిప్పకండి. పంపు కిట్ వేసి, ఆయిల్ మార్చాలి. గొట్టం కొనేటప్పుడు దాని మీద ‘ఎస్‌ఏఈ జె30 ఆర్9’ అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఇథనాల్ నీటిని కూడా లాగుతుంది కాబట్టి వానాకాలమంతా సగం ట్యాంకుతో బండిని వదిలేయకూడదు. ఈ పెట్రోల్‌తో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి-పెట్రోల్ మిశ్రమం పలచనవుతుంది. బండి నడిపాక ప్లగ్గు విప్పితే మొన బిస్కెట్ రంగులో ఉండాలి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి.

ఇగ్నిషన్‌కు ఫీలర్ గేజీ ఉంటే చాలు. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే 0.38 మి.మీ. ప్లగ్గు గ్యాప్ 25 థౌ, 0.64 మి.మీ. కొత్త పాయింట్లు కూడా కొద్దిరోజులకే కాలిపోతుంటే కండెన్సర్ మార్చండి. పాయింట్ల గ్యాప్ మారిస్తే టైమింగ్ కూడా జరుగుతుంది, దాన్నీ మళ్లీ సరిచూడాలి.

టాపెట్ల గురించి, అంటే వాల్వులను నొక్కే భాగాల గురించి, కాస్త వివరంగా చెప్పాలి. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయింది. ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ (పొగను బయటికి వదిలే) వాల్వు కూర్చునే సీటును అరగకుండా కాపాడింది ఆ సీసమే. ఇప్పుడు సీటు అరిగేకొద్దీ వాల్వు హెడ్‌లోకి కూరుకుపోతుంది, టాపెట్ గ్యాప్ తగ్గిపోతుంది. గ్యాప్ ఎక్కువైతే టకటక చప్పుడు వస్తుంది, అందరూ దానికే భయపడతారు. నిజానికి ప్రమాదం చప్పుడు రాని బిగుతు టాపెట్‌తోనే. వాల్వు పూర్తిగా కూర్చోక అంచు కాలిపోతుంది. చప్పుడు పోవాలని మెకానిక్‌ను బిగించమనడం వాల్వును చేజేతులా కాల్చుకోవడమే. గ్యాప్ 15 థౌ ఉండాలి. ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ ఏ వాల్వు పూర్తిగా నొక్కుకుని ఉందో చూడండి. ముందు నుంచి లెక్కపెట్టి, ఆ అంకెను తొమ్మిదిలోంచి తీసేస్తే వచ్చేదే సరిచేయాల్సిన వాల్వు. ఎనిమిదోది నొక్కుకుంటే ఒకటోది, ఆరోది నొక్కుకుంటే మూడోది. వీటిలో 1, 4, 5, 8 ఎగ్జాస్ట్ వాల్వులు, అరిగేవి ఇవే. అయిదు వేల కిలోమీటర్లకోసారి వాటిని చూసుకోవాలి. ఎప్పుడైనా హెడ్ విప్పితే గట్టి వాల్వు సీట్లు వేయించుకోండి.

బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేయడం మనదగ్గర పాత అలవాటు. దాన్ని తీసి వేడినీళ్ల గిన్నెలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి చూడండి. దాని మీద చెక్కిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటే దాని తప్పేమీ లేదు. తప్పు బోరునీళ్లది. కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లని పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. రేడియేటర్ విప్పి, కింది గొట్టం నుంచి పైకి నీళ్లు పట్టి కడగండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి.

ముందు చక్రాల దగ్గరి గ్రీజు నిపుల్స్‌ను వెయ్యి కిలోమీటర్లకోసారి చూడాలి. చక్రాన్ని గాల్లోకి లేపి, పాత నల్ల గ్రీజు బయటకు వచ్చేదాకా కొట్టాలి. ఇంజిన్‌కు 20డబ్ల్యు-50 మినరల్ ఆయిల్ నాలుగు లీటర్ల చిల్లర పడుతుంది. కొత్తకార్ల పలుచని ఆయిల్ దీనికి పనికిరాదు.

కొలతలు నోటిలెక్కగా చెప్పగలిగిన మేస్త్రీలు ఊరూరా తగ్గిపోతున్నారు. మీ పత్రిక మోటారు పేజీలో నెలకోసారైనా ఇలాంటి బండ్ల కొలతలకు కొంత చోటివ్వండి. అంబాసిడర్ తర్వాత ప్రీమియర్ పద్మిని, ఆపైన పాత డీజిల్ జీపు. అలాగే పెట్రోల్‌లో ఇథనాల్ ఎంత శాతం ఉందో ప్రతి బంకులోనూ పంపు మీదే తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించేలా అధికారులకు మీ తరఫున ఒక మాట చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం