నవల వీపు మీద ఒక రంగు చీటీ అంటించండి చాలు

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి కదా, ప్రతి ఏడూ పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్ పెడతారు, బహుమతులు ఇస్తారు, మంచిదే. ఈసారి పెద్దవాళ్ల కోసం కూడా, కొత్త రకం నవలలు సులువుగా దొరికేట్టు, ఒకటి మొదలుపెట్టమని లైబ్రరీలను అడగడానికే ఈ ఉత్తరం.

మాది నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట. నేను ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా వీధిలో ఏడుగురం కలిసి జనవరి నుంచి నెలకో రకం నవల చదువుతున్నాం. డిటెక్టివ్, హారర్, సైన్స్ ఫిక్షన్, చారిత్రకం, జానపదం, హాస్యం, ఇట్లా పన్నెండు చీటీలు రాసి హార్లిక్స్ సీసాలో వేశాం. ఒకటో తారీఖున పక్కింటి పాప చేత ఒక చీటీ తీయిస్తాం, ఏది వస్తే ఆ నెల అందరూ ఆ రకం నవల ఒకటైనా పట్టుకోవాల్సిందే. నచ్చకపోతే వదిలేయొచ్చు గానీ 50 పేజీలు చదివాకే. నెలాఖరు ఆదివారం సాయంత్రం మా మేడ మీద కూర్చుని ఎవరు ఏం చదివారో చెప్పుకుంటాం.

ఇరవై ఏళ్లుగా నేను కుటుంబ నవలలు తప్ప ఇంకోటి ముట్టలేదు. వారపత్రికల సీరియల్స్‌తో మొదలైన అలవాటు అది. మార్చిలో సైన్స్ ఫిక్షన్ చీటీ వచ్చేసరికి నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. మొదటి ఇరవై పేజీలు ఒక్క ముక్క ఎక్కలేదు. కుటుంబ నవల అయితే రెండో పేజీకల్లా ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిపోతుంది, ఇక్కడేమో ఆ లోకం ఏ పద్ధతిలో నడుస్తుందో రచయిత ముందుగా చెప్పడు, మనుషులు మాత్రం అన్నీ మనకు తెలిసినట్టే మాట్లాడుకుంటూ పోతుంటారు. మాలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారున్నారు, ఆయన్ని అడిగితే, "తెలియని మాట దగ్గర ఆగొద్దమ్మా, కాగితం మీద రాసుకుని ముందుకు పో, కథే చెబుతుంది" అన్నారు. మిల్లు బిల్లు వెనక పదకొండు మాటలు రాసుకున్నా. ఎనభయ్యో పేజీకి వచ్చేసరికి అందులో తొమ్మిదింటికి ఎవరూ చెప్పకుండానే అర్థం తెలిసింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నా. అప్పట్నుంచి కొత్త రకం పుస్తకం తెరిస్తే ముందే భయపడటం మానేశా. ఒక్కో రకాన్ని ఒక్కో తీరుగా చదవాలని ఇన్నేళ్లకు తెలిసొచ్చింది. డిటెక్టివ్ నవలలో గది వర్ణన దాటేసి పోతే దెబ్బ తింటాం, చారిత్రక నవలలో తొందరపడితే పేర్లన్నీ కలిసిపోతాయి.

మా టైలర్ అక్క అయితే జూన్‌లో హారర్ అనగానే, "దయ్యాల కథలు నాకొద్దు మే, రాత్రి ఒంటరిగా పడుకోవాలి" అంది. సరే, పగలే చదవమన్నాం. మిషన్ పక్కన పుస్తకం పెట్టుకుని, జాకెట్లకు హుక్కులు కుట్టేటప్పుడు మధ్యమధ్యలో ఒక్కో పేజీ చదివింది. నెలాఖరున మేడ మీద ఆమె చెప్పింది మేమంతా మాట లేకుండా విన్నాం: అందులో దయ్యం కంటే, పోయిన కూతురి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకుండా మూసిపెట్టడమే తనకు ఎక్కువ భయం వేసిందట. ఆ మాట తర్వాత ఆ పుస్తకం మిగతావాళ్లం ఒకరి తర్వాత ఒకరం తీసుకున్నాం.

ఇంత బాగుంటే ఇబ్బంది ఏందంటే, పుస్తకాలు దొరకడం. మాకు దగ్గర్లోని ఒక లైబ్రరీకి పోయి "హారర్ నవలలు ఎక్కడున్నాయి" అని అడిగితే, ఆయన పాపం బీరువాలన్నీ చూపించి వెతుక్కోమన్నారు. ఆయన తప్పేం లేదు. లైబ్రరీల్లో విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో తెలుగు నవలలన్నిటికీ ఒకటే నంబరు, 894.8273. ఆ నంబరు కింద రచయిత పేరును బట్టి సర్దుతారు. అంటే దయ్యం, రాజుగారు, అంతరిక్ష నౌక, అత్తాకోడళ్లు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. రచయిత పేరు తెలిసినవాళ్లకు అది చాలు, కొత్త రకం మొదలుపెట్టేవాళ్లకు ఏ పేరు అడగాలో కూడా తెలియదు కదా! పూర్వం అద్దె పుస్తకాల షాపుల్లో ఈ బాధ ఉండేది కాదు. షాపాయన మన చేతిలోది చూసి, "ఈసారి ఇది తీసుకుపోండమ్మా" అని ఇంకో రకం అంటగట్టేవాడు. ఆ షాపులు పోయాయి, ఆ పని చేసేవాళ్లు ఇప్పుడు లేరు.

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ లాంటివి మనవి కావు, ఇంగ్లీషోళ్లవి అనే మాట కూడా చాలామంది అంటారు. అది సరి కాదు. వింత దేశాలు తిరిగొచ్చే నవల గలివర్ యాత్రల ఒరవడిలో కందుకూరి వీరేశలింగం గారు పందొమ్మిదో శతాబ్దంలోనే రాశారు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కోసం మా నాన్న తరం ఎదురుచూసేది. ఉన్న సరుకే కంటికి కనపడటం లేదు.

అందుకే లైబ్రరీల పెద్దలను అడిగేది చిన్న పనే. నంబర్లు మార్చక్కర్లేదు. నవల వీపు మీద, అంటే బీరువాలో నిలబెడితే కనపడే అంచు మీద, ఒక రంగు చీటీ అంటించండి, డిటెక్టివ్‌కి ఎరుపు, చారిత్రకానికి పసుపు, ఇట్లా ఏదో ఒకటి. తలుపు పక్కన ఒక బల్ల వేసి నెలకో రకం పుస్తకాలు దాని మీద పరవండి. డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివే పిల్లల కుర్చీలు, పుస్తకాలు తగ్గించమని నేను చచ్చినా అడగను, వాళ్ల అవసరం పెద్దది. కానీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మేమూ కడుతున్నాం, అందులోంచి ఏడాదికి కొన్నయినా కొత్త రకాల నవలలు కొనండి. ఒకే పుస్తకం రెండు మూడు కాపీలుంటే ఇంకా మంచిది, ఎందుకంటే కలిసి చదివేవాళ్లకు ఒక్క కాపీతో నెల చాలదు, మా ఏడుగురికీ జూన్ పుస్తకం తిరిగేసరికి ఆగస్టు వచ్చింది.

నవంబరు చీటీ మేమింకా తీయలేదు. వారోత్సవాల్లో నెల్లూరులో ఏ లైబ్రరీ అయినా మాకు ఒక బల్ల ఇస్తే, ఈసారికి ఒకటో తారీఖు దాటినా పర్వాలేదు, సీసా అక్కడికే తెచ్చి వచ్చినవాళ్ల చేతే తీయిస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు.