పోయేటప్పుడు దండలు, వచ్చినప్పుడు ఆరాలు

సంపాదకులు గారికి,

మా నల్లగొండ జిల్లాలో ఎవరి పిల్లలైనా ఎంఎస్ చేయడానికి అమెరికా పోతున్నారంటే శంషాబాద్ దాకా చుట్టాలంతా కదులుతారు. పెట్టె 23 కిలోలు దాటకూడదు కాబట్టి మామిడి తొక్కు తీయాలా, సకినాలు తీయాలా అని కిరాణా షాపు కాటా దగ్గర తల్లీబిడ్డలు తగువుపడతారు, ఏడుపంతా ఆ హడావిడిలోనే దాచుకుంటారని నాకనిపిస్తుంది.

మా అన్న కూతురు ఈమధ్యే తిరిగొచ్చింది. చదువు బాగానే పూర్తి చేసింది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివినవాళ్లకు ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు పనిచేసే వీలుంటుంది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సులైతే ఇంకో 24 నెలలు, కానీ ఆ మొదటి 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. పెళ్లి భోజనాల్లో అందరి ముందు "ఏమ్మా, పంపించేశారా?" అని అడిగిన పెద్దమనిషికి ఈ లెక్కలేం తెలుసు? ఇప్పుడా పిల్ల ఫంక్షన్లంటేనే టెన్షన్ పడుతోంది. అక్కడున్నప్పుడు ఇంటి మీద బెంగ, ఇక్కడికొచ్చాక అక్కడి స్నేహితుల మీద బెంగ. పైకి చెబితే ఫోజు కొడుతోందంటారు.

పంపేముందు కన్సల్టెన్సీలు సెమినార్ల మీద సెమినార్లు పెడతాయి, తిరిగొచ్చినవాళ్లను మాత్రం పలకరించే దిక్కులేదు. నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ ఇలాంటివాళ్లను పిలిచి, వెళ్లబోయే పిల్లలతో మంచీచెడూ రెండూ మాట్లాడించవచ్చు కదా. ఈలోగా చుట్టాలు "మళ్లీ ఎప్పుడు పోతున్నవ్?" అని అడగడం మానేస్తే చాలు.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ